అరవని డిఫెండర్లు

మే 14, 2023, ఆదివారం

ఏడు గోల్స్ తిన్నాం. ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నా.

మా టీమ్ పేరు గోంగూర యునైటెడ్. పెట్టింది వంశీధర్. పేరు పెట్టడంతోనే మా ప్రతిభ అంతా అయిపోయినట్టుంది. కెనడాలోని ఈ కేంబ్రిడ్జ్‌లో బస్సెక్కితే సగం మంది స్టూడెంట్లే, ఆ సగంలో సగం మనవాళ్ళే. అందుకని పదకొండు మంది దొరకడం కష్టం కాలేదు, ఆట వచ్చినవాళ్ళు దొరకడమే కష్టమైంది. కోఎడ్ లీగ్ కాబట్టి ప్రతి టీమ్ నుంచి ఇద్దరమ్మాయిలైనా గ్రౌండ్‌లో ఉండాలట. నా రూమ్మేట్ వాసవి రూల్ కోసం వచ్చింది. నేను ఆట కోసం వచ్చా. అనంతపురంలో యూనివర్సిటీ టీమ్‌కి మూడేళ్ళు స్టాపర్ బ్యాక్‌గా గోల్ ముందర కాపలా కాసినదాన్ని. ఇక్కడికొచ్చాక ఆ సంగతి ఎవరూ అడగలేదు. వేర్‌హౌస్‌లో నేనో స్కానర్ నంబర్, కాలేజీలో ఇంకో నంబర్, బేస్‌మెంట్‌లో నలుగురిలో ఒకదాన్ని.

మూడో గోల్ గురించి రాయకపోతే నిద్ర పట్టదు. బంతి నాకూ గోల్‌కీపర్ అచ్యుత్ అన్నకూ సరిగ్గా మధ్యలో పడింది. అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద, వాటర్లూలో ఐటీ జాబ్, మమ్మల్నందర్నీ ఇంటికి పిలిచి భోజనం పెడతాడు. అలాంటి మనిషి మీద అరవడానికి నోరు రాలేదు. "అన్నా, కొంచెం మీరు తీసుకుంటారా" అన్నా. ఆయన "నువ్వు తీసుకోమ్మా" అన్నాడు. మేమిద్దరం ఒకరి మర్యాద ఒకరు చూసుకునే లోపల అవతలివాడొచ్చి గోల్ కొట్టి వెళ్ళిపోయాడు. మేం ఒకరికొకరు సారీ కూడా చెప్పుకున్నాం.

కంచె అవతల నిలబడి చూస్తున్న ఓ తెల్ల ముసలాయన ఇక ఆగలేక లోపలికి వచ్చేశాడు. ముక్కు ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. ఫుట్‌బాల్ ఆడుతున్నారా, టీ పార్టీలో కప్పులు అందించుకుంటున్నారా అని అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, నువ్వు నిలబడే చోటు సరైందే, ఎక్కడ ఆడావు అన్నాడు. చెప్పా. మళ్ళీ అడిగి పేరు కూడా చెప్పించుకున్నాడు.

ఈ దేశంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

మే 17

ఆయన పేరు లెన్ మాక్స్‌టెడ్. వంశీధర్ ఫోన్‌లో వెతికితే నిజంగానే ఉన్నాడు. ఇంగ్లండ్‌లో రావెన్స్‌ఫోర్డ్ అనే ఊరి క్లబ్బుకి పంతొమ్మిది సీజన్లు డిఫెండర్. పెద్ద పేరున్న క్లబ్బేమీ కాదు, పై డివిజన్‌కి ఒక్కసారీ వెళ్ళలేదు. ఫోటోలో చెంపలంతా జుట్టు, మోకాళ్ళంతా బురద. భార్య పోయాక, కూతురు మిల్టన్‌లో ఉంటుందని ఇటొచ్చి, ఇక్కడ ఓ చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఉంటున్నాడు. ఎవరూ పిలవకుండానే మాకు కోచ్ అయిపోయాడు.

ఈరోజు మొదటి ప్రాక్టీస్. 'సార్' అన్నందుకు వంశీధర్‌ని గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించాడు. గీత లోపల అన్న లేదు, అక్క లేదు, ప్లీజ్ లేదు, సారీ లేదు. ఒక్క మాట, అదీ గట్టిగా. అన్నిటికంటే ముఖ్యమైన మాట "మ్యాన్ ఆన్" అట. బంతి మీద చూపున్నవాడికి వెనక నుంచి ఎవరొస్తున్నారో కనపడదు, కనపడినవాడు అరవాలి.

"అరవకపోతే అది మర్యాద కాదు, మోసం" అన్నాడు.

అచ్యుత్ అన్న మీద నాతో పదిసార్లు అరిపించాడు. మొదటి నాలుగుసార్లు అరిచాక నవ్వా. ఐదోసారి నుంచి బాగుంది. ఇంకో రూల్ ఏంటంటే తలతో బంతి కొట్టకూడదు. నా బలమే అది అని వాదించా. నాదీ అదే అని, ఇక మాట్లాడకుండా కోన్లు సర్దుకున్నాడు.

మే 28

రెండే గోల్స్ తిన్నాం. ఒకటి కొట్టాం కూడా.

మ్యాచ్ అయ్యాక కోచ్ కాల్డర్ కథ చెప్పాడు. పెద్ద క్లబ్బుతో కప్ మ్యాచ్, జనవరి చలి, గ్రౌండ్ గడ్డకట్టుకుపోయింది. కాల్డర్ అంటే ఆ రోజుల్లో అందరూ భయపడే స్ట్రైకర్. ఆట మొత్తం కోచ్ వాణ్ణి వదల్లేదు. కాల్డర్ విసిగిపోయి, నాతో స్నానానికి కూడా వస్తావా అని అడిగాడట. చివరి నిమిషంలో బంతి కోచ్ కాళ్ళ దగ్గర ఉంది, కాల్డర్ వెనక నుంచి వస్తున్నాడు. గోల్‌కీపర్ బిల్లీకి కనపడింది. బిల్లీకి పద్దెనిమిదేళ్ళు, కోచ్ కెప్టెన్. కెప్టెన్ మీద అరవడానికి బిల్లీ భయపడ్డాడు. కాల్డర్ బంతి లాక్కుని గోల్ కొట్టేశాడు. ఒకటి సున్నాతో ఓడిపోయారు. మళ్ళీ అంత పెద్ద మ్యాచ్ ఆయన జీవితంలో రాలేదు.

బిల్లీని తిట్టాడా అని అడిగితే, లేదట. నా మీద అరవచ్చని వాడికి నేనెప్పుడూ చెప్పలేదు కదా, అందుకే మీకు ముందే చెప్తున్నా అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఓనర్ విశ్వేశ్వరరావు అంకుల్ బేస్‌మెంట్ కొలతలు చూస్తున్నాడు. సెప్టెంబర్‌లో ఇంకా చాలామంది స్టూడెంట్లు దిగుతున్నారట, పాపం రూములు లేవట, హాల్లో కర్టెన్ కడితే ఇంకో ఇద్దరు పడతారట. మేం నలుగురం ఒకేసారి "పర్లేదంకుల్" అన్నాం. ఆయన వెళ్ళాక నలుగురం ఒకేసారి తిట్టుకున్నాం.

జూన్ 11

గెలిచాం. గెలిచాం. గెలిచాం.

జూన్ 14

ఈసారి కూడా కాల్డర్ కథ. మంచి కథ, మళ్ళీ వినదగ్గదే. ఇద్దరు మానేస్తే కొత్తగా ఇద్దరు చేరారు కదా, వాళ్ళ కోసం చెప్పి ఉంటాడు.

జూన్ 25

మాలో చాలామందికి కార్లు లేవు, కోచ్ తన పాత వ్యాన్‌లో ఎక్కించుకుంటాడు. వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ఎవడో గట్టిగా హారన్ కొట్టాడు. కోచ్ దాటింది ఎల్లో లైట్లోనే. ఇక్కడివాళ్ళు ఎల్లోకి కూడా ఆగిపోతారు, అందుకని కొట్టి ఉంటాడు.

వంశీధర్ ఇంటికొచ్చేదాకా సీట్ బెల్ట్ పట్టుకునే కూర్చున్నాడు.

జూన్ 28

ఎల్లోనే.

జూలై 12

కోన్లు పెట్టి పక్కకి కదిలే డ్రిల్ చేయించాడు. అయిపోయాక నీళ్ళు తాగి వచ్చాం. అదే డ్రిల్ మొదటి నుంచి, అవే మాటలతో చెప్పి మళ్ళీ చేయించాడు. మేమందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అచ్యుత్ అన్న "యెస్ కోచ్" అని లైన్‌లో నిలబడ్డాడు. అన్న నిలబడ్డాక మేం నిలబడకుండా ఎలా ఉంటాం?

రెండుసార్లు చేస్తే ఒంటికి మంచిదే. నా కాళ్ళు ఎంత తేలికయ్యాయో.

జూలై 23

రెండు గోల్స్ తేడాతో గెలిచాం. నేను బంతిని నా వెనక్కి పోనిచ్చింది ఒక్కసారే. అవతలి టీమ్ కోచ్ వచ్చి మీ స్టాపర్ బ్యాక్ ఎక్కడ దొరికిందని అడిగితే, కంచె దగ్గర దొరికిందని మా కోచ్ చెప్పాడు. దొరికింది ఆయనే కదా అనుకున్నా. పొద్దున బస్సులో ఓ పెద్దావిడ మా బ్యాగుల వంక చూసి, ఎక్కడ చూసినా వీళ్ళే అని పక్కావిడతో మాకు వినపడేలా అంది. ఎక్కడ చూసినా మేమేనమ్మా. ఆదివారం గ్రౌండ్‌కి వచ్చి చూడు, గోల్ ముందర కూడా మేమే.

వ్యాన్‌లో కాల్డర్ కథ. ఈసారి రావెన్స్‌ఫోర్డ్ గెలిచింది. మొదట్లో ఓడిపోయామని చెప్పినట్టు గుర్తు. రెండు వేరే మ్యాచ్‌లై ఉంటాయి. అచ్యుత్ అన్నని బిల్లీ అని పిలిచాడు. అన్న పలికాడు. ముద్దుపేరు అనుకుందాం.

ఆగస్టు 5, శనివారం

కోచ్ కూతురు వచ్చింది. హెలెన్. యాభై దాటి ఉంటాయి, కళ్ళ కింద నలుపు. కోచ్ కోన్లు తీసే టైమ్‌లో నన్ను కార్ దగ్గరికి పిలిచి, ఇంట్లో మీ గురించే చెప్తాడు అంది. తర్వాత అసలు సంగతి అడిగింది. చెప్పిందే చెప్తున్నాడా? దారి తప్పుతున్నాడా? డ్రైవింగ్ ఎలా ఉంది?

డాక్టర్ ముందు పావుగంట బాగానే మాట్లాడతాడట. అందుకే గంటలు గంటలు ఆయనతో గడిపేవాళ్ళని అడిగి రమ్మన్నారట. ఆయనతో డిఫెన్స్‌లో ఆడినవాళ్ళలో ఇద్దరికి ఇప్పుడు ఇల్లెక్కడో తెలియదట. ఒకాయన భార్యని చూసి మీరెవరంటున్నాడట. ఏళ్ళ తరబడి ఆ తడిసిన బరువు బంతుల్ని తలతో కొట్టారు కదా అంది. అంటూనే ఏడ్చింది.

"హీ ఈజ్ పర్ఫెక్ట్‌లీ ఫైన్" అన్నా.

అచ్యుత్ అన్నని అడిగితే, మా తాతగారిలాంటివారు మేడమ్, చాలా షార్ప్ అన్నాడు. వంశీధర్ కూడా అదే చెప్పాడు. మేం ముందుగా ఏమీ అనుకోలేదు. అయినా పదకొండు నోళ్ళు, ఒకటే మాట. పెద్దాయన పరువు పెద్దాయన కూతురి ముందు తీయడానికి మాలో ఎవరూ పుట్టలేదు. హెలెన్ మా అందరికీ థాంక్స్ చెప్పి, కొంచెం తేలికపడిన మొహంతో వెళ్ళింది.

ఆగస్టు 6

ఏం? ఒకసారి చెప్పిన కథ మళ్ళీ చెప్తే జబ్బా? మా తాత ఒకే పెళ్ళిలో జరిగిన గొడవని ఇరవయ్యేళ్ళు చెప్పాడు. మేం ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ప్రతిసారీ "అవునా తాతా" అనేవాళ్ళం. ఎవరూ ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకుపోలేదు. పెద్దవాళ్ళని ఎలా చూసుకోవాలో వీళ్ళ దగ్గర మేం నేర్చుకోవాలా? లైసెన్స్ తీసేస్తారు. మిల్టన్‌లో ఓ గదిలో కూర్చోబెడతారు. టీమ్ పోతుంది. ఆదివారాలు పోతాయి. నేను మళ్ళీ స్కానర్ నంబర్ అయిపోతా. ఇవ్వను. ఆ మనిషిని ఇవ్వను.

ఆగస్టు 16

వాసవితో గొడవ. కూర తాలింపు మాడిపోయేదాకా అరుచుకున్నాం. ఆ రోజు రెడ్ లైటే అంది. నీకు కళ్ళజోడు మార్చాలి అన్నా. హెలెన్‌కి నిజం చెప్పాలి అంది. అయితే నువ్వే చెప్పు అన్నా. అంత పెద్దాయన గురించి నేనెలా చెప్తాను అంది. చూశావా అన్నా. ఇద్దరం చెప్పమని తేలింది కాబట్టి గొడవ అయిపోయింది.

మాడిన కూరే తిన్నాం.

ఆగస్టు 27

సెమీఫైనల్‌కి వచ్చాం. మిల్టన్‌లో ఆడాలి. మే నెలలో ఏడు గోల్స్ తిన్న గోంగూర యునైటెడ్. ఎవరెన్ని అనుకున్నా ఇది కోచ్ చేసిందే. తల బాగాలేని మనిషి ఈ పని చేయగలడా? హెలెన్ రాసుకోవాలి ఇది.

కోచ్ ఈమధ్య కోన్లు మర్చిపోతున్నాడు. నేను తెచ్చుకుంటున్నా, అదేం పెద్ద పని కాదు.

సెప్టెంబర్ 10, ఆదివారం

నెమ్మదిగా, ఒక్కటీ వదలకుండా రాస్తాను.

పదకొండు గంటలకి మ్యాచ్. అచ్యుత్ అన్న తన కార్‌లో కొందరిని తీసుకుని ముందే వెళ్ళాడు. ఇంకో ఇద్దరు ట్రైన్‌లో వెళ్ళారు. వ్యాన్‌లో కోచ్, పక్కన వంశీధర్, వెనక నేనూ వాసవీ ఇంకో ఇద్దరు అబ్బాయిలూ. వంశీధర్ ఫోన్‌లో మ్యాప్ పెట్టబోతే కోచ్ వద్దన్నాడు. నా కూతురుండే ఊరికి నాకు దారి చూపిస్తావా అన్నాడు. నిజమే కదా అని అందరం నవ్వాం.

ఫోర్-నాట్-వన్ హైవే మీద వ్యాన్ పక్క లేన్‌లోకి జారింది. పెద్ద ట్రక్ హారన్ కొట్టింది. కోచ్ సర్దుకున్నాడు. ఎవరం ఏమీ అనలేదు. ఇంకాస్త దూరం వెళ్ళాక, మిల్టన్‌కి చాలా ముందే, ఓ ఎగ్జిట్ తీసుకున్నాడు. వంశీధర్ "కోచ్" అని మొదలుపెట్టి ఆపేశాడు. అద్దంలో వాడి నోరు తెరుచుకుని మళ్ళీ మూసుకోవడం చూశా. మొక్కజొన్న చేలు దాటాం. ఓ వేర్‌హౌస్ వెనక ఖాళీ పార్కింగ్ లాట్‌లో, ట్రైలర్ల మధ్య వ్యాన్ ఆపాడు. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. ఆ తెల్ల రేకు గోడని చూపించి, స్టాండ్ కొత్తగా కట్టారే, రావెన్స్‌ఫోర్డ్‌కి డబ్బు ఎక్కడిది అన్నాడు. డ్రెస్సింగ్ రూములు వెనకాల ఉంటాయని చెప్పాడు.

ఒకరి తర్వాత ఒకరం దిగాం. వంశీధర్ వెనక డోర్ తీసి బంతుల సంచీ దించాడు. అబ్బాయిలిద్దరూ ట్రైలర్ల మధ్య కాళ్ళు చాపి వార్మప్ మొదలుపెట్టారు. తారు రోడ్డు మీద, స్టడ్స్ షూస్‌తో. కోచ్ అటూ ఇటూ నడుస్తూ, చలిలో కండరాలు జాగ్రత్త అని చెప్తున్నాడు. ఎండ కాస్తోంది. వాసవి నా వంక చూసింది. నేను వంగి షూ లేసులు కట్టుకున్నా. ఇది రాసుకోవాలి. నేను కూడా కట్టుకున్నా. అచ్యుత్ అన్న ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు, నా జేబులో అది కొట్టుకుంటూనే ఉంది.

కోచ్ నా భుజం మీద చెయ్యేసి, ఈరోజు కాల్డర్ నీ మీదే ఉంటాడు, వాణ్ణి తిరగనివ్వకు అన్నాడు.

అప్పుడు భయం వేసింది. కోచ్‌ని చూసి కాదు, మమ్మల్ని చూసి. ఆయన ఇక్కడే సాయంత్రం దాకా నిలబడమంటే మేం నిలబడతాం. అదే వ్యాన్‌లో అదే రోడ్డు మీద అదే ట్రక్ ముందుకి మళ్ళీ వెళ్దామంటే ఎక్కి కూర్చుంటాం. చచ్చేదాకా మర్యాదగా ఉంటాం.

"కోచ్, ఒక చిన్న మాట, ఏమీ అనుకోకపోతే" అన్నా. ఆయన బంతి కాలితో నొక్కి చూస్తున్నాడు. "మీకు తెలియదని కాదు కానీ" అన్నా. వినపడలేదు. మే నెలలో ఆ మూడో గోల్ దగ్గర కూడా నా గొంతు ఇలాగే ఉంది. ఆయన అటు తిరిగి ఆ రేకు గోడ వైపు నడవడం మొదలుపెట్టాడు.

"మ్యాన్ ఆన్!"

ఇంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. ఆ గోడకి తగిలి మళ్ళీ వినపడింది. కోచ్ ఒళ్ళు తనంతట తనే కదిలింది. ఎడమ కాలు వెనక్కి, భుజం కిందికి, తల కుడి వైపు తిరిగి వెనక చూశాడు. వయసంతా పోయి ఆ ఫోటోలోని మనిషి కనపడ్డాడు. వెనక ఎవరూ లేరు. ట్రైలర్లున్నాయి. వాటిని చాలాసేపు చూశాడు. తర్వాత, మనం ఎక్కడున్నాం అని అడిగాడు.

చెప్పా. ఒక్కో మాట, గట్టిగా, ఆయన నేర్పినట్టే. ఇది రావెన్స్‌ఫోర్డ్ కాదు. ఇది కెనడా, ఫోర్-నాట్-వన్ పక్కన ఓ వేర్‌హౌస్. మ్యాచ్ మిల్టన్‌లో. కాల్డర్ కథ ప్రతి వారం చెప్తున్నారు. అందులో మీరు ఓడిపోయారు. డ్రిల్ రెండుసార్లు చేయించారు, మేం రెండుసార్లు చేశాం. మన గోల్‌కీపర్ పేరు అచ్యుత్, బిల్లీ కాదు. హెలెన్ అడిగితే నేను అబద్ధం చెప్పా. అందరం చెప్పాం.

"ఆ సిగ్నల్?" అన్నాడు.

"రెడ్."

వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాడు. ఎప్పటి నుంచి తెలుసు అని అడిగాడు. జూన్ నుంచి అని వాసవి చెప్పింది. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఇంతమంది చూశారు, ఒక్కరూ అరవలేదు అన్నాడు, అంతే. నేను ఏడ్చేశా. వంశీధర్ కూడా.

ఆయన జేబులోంచి తాళం చెవి తీశాడు.

"వెనక ఎవడో ఉన్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఎంత దగ్గరికొచ్చాడో తెలియలేదు."

తాళం చెవి వంశీధర్‌కి ఇచ్చి, వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు. మేం వెళ్ళేసరికి టైమ్ దాటిపోయి అవతలి టీమ్‌కి వాకోవర్ ఇచ్చేశారు. సెమీఫైనల్ బంతి తాకకుండానే ఓడిపోయాం. ఎవరికీ దాని గురించి బాధ లేదు. నాకుంది. రాసుకోవడానికి సిగ్గెందుకు, నాకుంది.

సెప్టెంబర్ 11

పనికి వెళ్ళా, వచ్చా.

సెప్టెంబర్ 13

హెలెన్‌కి నేనే ఫోన్ చేసి కోచ్ అపార్ట్‌మెంట్‌కి రమ్మన్నా. అంతా చెప్పా. "ఆగస్టులో అడిగా నిన్ను" అంది. ఆ ట్రక్ కొంచెం ఇటు వచ్చి ఉంటే ఏం జరిగేదో మా ఇద్దరికీ తెలుసు. నన్ను తిట్టే హక్కు ఆమెకుంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళ గురించి అలా చెప్పరు అని ఓ వాక్యం తయారు చేసుకుని వెళ్ళా. బయటికి తీయలేదు.

కోచ్ డ్రైవింగ్ ఆపేశాడు. వచ్చే వారం మిల్టన్‌లో ఆమె ఇంటికి మారిపోతాడు. ఇంకా చాలా టెస్టులున్నాయట. ఇక కోచింగ్ ఉండదు అంది హెలెన్. అక్కడ మాత్రం నేను తగ్గలేదు. డ్రైవింగ్ సంగతి డాక్టర్ చెప్పాలి, మా టీమ్‌కి కోచ్ ఎవరో మేం చెప్తాం అన్నా. అలసిపోతాడు అంది. కుర్చీ వేస్తాం అన్నా. అన్నీ మర్చిపోతాడు అంది. మేం పదకొండు మందిమి ఉన్నాం, గుర్తు చేస్తాం అన్నా. ఆయన్ని అడగండి అన్నా. ఆమె ఆయన వైపు తిరిగింది. కోచ్ అప్పటికే లేచి కోన్ల కోసం వెతుకుతున్నాడు.

సెప్టెంబర్ 20

విశ్వేశ్వరరావు అంకుల్ కర్టెన్ రాడ్ పట్టుకుని దిగాడు. ఇద్దరు అమ్మాయిలు శనివారం వస్తున్నారట. వాళ్ళావిడ శకుంతల ఆంటీ చేతికిచ్చి పంపిన పులిహోర డబ్బా కూడా తెచ్చాడు. ఎప్పుడు మా నెత్తిన ఏదైనా పెట్టాలన్నా ముందు పులిహోర వస్తుంది.

"వద్దంకుల్" అన్నా.

తర్వాత మాట కోసం ఆయన ఎదురుచూశాడు. ఏమీ అనుకోకండి అంటాననుకున్నాడేమో. నేను అనలేదు. నా వెనక వాసవి కూడా "వద్దు" అంది. మిగతా ఇద్దరూ గది తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. రాడ్ తీసుకుని పైకి వెళ్ళిపోయాడు. రేపు మమ్మల్నే ఖాళీ చేయమంటాడేమో, చూద్దాం. అననీ, అప్పుడు కూడా నోరుంది.

పులిహోర మాత్రం తిన్నాం. బాగుంది.

అక్టోబర్ 1, ఆదివారం

మూడో స్థానం కోసం మ్యాచ్. ఈ సీజన్‌కి ఇదే ఆఖరు. హెలెన్ ఆయన్ని తీసుకొచ్చింది. గీత పక్కనే మడత కుర్చీ వేశాం, కాళ్ళ మీద దుప్పటి కప్పాం, దుప్పటి తీసేశాడు.

రూల్ ఆయనే పెట్టాడు. చెప్పిందే చెప్తే ఎవరు విన్నా అరవాలి. హాఫ్ టైమ్‌లో మా అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, జనవరి చలి, గ్రౌండ్ గడ్డకట్టుకుపోయింది అని మొదలుపెట్టాడు. పదకొండు మందిమీ ఒకేసారి "మ్యాన్ ఆన్" అని అరిచాం. అందరికంటే గట్టిగా అచ్యుత్ అన్న. హెలెన్ ఉలిక్కిపడింది. కోచ్ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరూ లేరని చూసుకుని నవ్వాడు. నిజంగా నవ్వాడు. అయితే చివరికి ఏమైందో మీరే చెప్పండి అన్నాడు. అందరూ నా వంక చూశారు.

"ఒకటి సున్నా. ఓడిపోయారు కోచ్. బిల్లీ అరవలేదు" అన్నా.

తల ఊపాడు. పాపం, చిన్నపిల్లాడు అన్నాడు.

రెండో హాఫ్‌లో బంతి మళ్ళీ నాకూ అచ్యుత్ అన్నకూ మధ్యలో పడింది. "కీపర్!" అని అరిచా. అన్న వచ్చి బంతినీ నన్నూ కలిపి గుద్దాడు. పెదవి వాచింది. సారీ చెప్పలేదు. గెలిచాం.

వెళ్ళేటప్పుడు కోచ్ కార్ అద్దం దించి నన్ను చాలాసేపు చూశాడు. నా పేరు కోసం వెతుకుతున్నాడని తెలిసింది. సాయం చేద్దామనుకుని ఆగా. దొరకలేదు. హెలెన్ వైపు తిరిగి, ఈ పిల్ల పేరేంటో కానీ, గట్టిగా అరుస్తుంది, స్టాపర్ బ్యాక్ అన్నాడు.

పేరు పోతే పోయింది. ఆ రెండూ ఉన్నాయి.